గంటన్నర వెనకపడ్డ ఊరు

తేలంక ఊరి చిట్టా. రాసినది ఊరి విలేకరి.

చిట్టా 1. ఫిబ్రవరి 3

ఈ మధ్యాహ్నం ఒంటిగంటకి దొరబాబు గారు గంట కొట్టి ఊళ్లో ఉన్న నలభై మూడు గోడ గడియారాలనీ పావుగంట వెనక్కి తిప్పించారు. ఒంటిగంట కాస్తా మళ్లీ పన్నెండుముప్పావు అయింది. సముద్రం మీద తేలే మూడొందల పన్నెండు తెప్పల మీద నాలుగు వేల నూట ఆరుగురు మనుషులు పావుగంట ఎక్కువ కునుకు తీశారు.

దీన్ని ఊళ్లో కక్కుడు అంటారు. సెప్టెంబరు చివర, తుఫానుల కాలం ముందు, తాళ్లు బిగించుకుని ఊరంతా తూర్పుకి కదులుతుంది. అక్కడి ఒడ్డు సమయం మనకంటే గంటన్నర ముందు. ఆ గంటన్నరని పావుగంట చొప్పున ఆరు విడతల్లో మింగుతాం. ఫిబ్రవరిలో ఇంటిదారి పట్టినప్పుడు అదే లెక్కన కక్కుతాం. ఏ పావుగంట మింగాలో, ఏ పూట కక్కాలో ఊరు చేతులెత్తి తేలుస్తుంది. కక్కుడు ఎప్పుడూ మధ్యాహ్నం కునుకుకే. మింగుడు ఎవరో ఒకరి ప్రసంగం మీద పడుతుంది. ప్రెసిడెంటు బుల్లెయ్య గారి ప్రసంగాలు వరసగా ఆరేళ్లు అలా పోయాయి. కాగితాలు మాత్రం ఆయన దాచి ఉంచారు.

దొరబాబు గారికి డెబ్బై ఒకటి. ఊరు పుట్టినప్పటి నుంచీ, అంటే ఇరవై రెండేళ్లుగా, గడియారాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. గోడ గడియారాలు అయ్యాక ఆఫీసు తెప్ప మీదున్న కంప్యూటరుని తిప్పడానికి వెళ్లారు. ఊళ్లో దాన్ని పెట్టె అంటారు. డిసెంబరులో తూర్పు రేవులో నాచు అమ్మినప్పుడు కొన్న కొత్త పెట్టె ఇది. అక్కడి మెకానిక్కే బిగించి వెళ్లాడు. దొరబాబు గారు రెండుసార్లు గంట మార్చారు, పెట్టె రెండుసార్లూ పాత గంటకే వెళ్లింది. మూడోసారి ఆయన చాలాసేపు లోపలే ఉన్నారు. బయటికి వచ్చాక ఏం చేశారని అడిగాను.

"మంచిగా చెప్పానండి. విన్నాది," అన్నారు.

చిట్టా 2. ఫిబ్రవరి 12

మూడు కక్కుళ్లు అయ్యాయి. ఊరు సాఫీగా వస్తోంది.

నాచు ఆరబెట్టే తెప్పల ఆడవాళ్ల ఫిర్యాదు ఒకటి. ఉదయం ఆరింటికి రావాల్సిన వాతావరణ ఉత్తరం ఆరుముప్పావుకి వస్తోందట. రిజిస్టరు చూశాను. ఫిబ్రవరి 4 నుంచి పావుగంట ఆలస్యం, 8 నుంచి అరగంట, ఈరోజు ముప్పావుగంట. ఒడ్డు మీది తపాలావాళ్లని రేడియోలో అడిగితే మన ఊరి గంట ప్రకారం ఆరింటికే పంపుతున్నామన్నారు. ఇలా లెక్క కుదురుగా ఉండే ఆలస్యాన్ని ఒడ్డు మీద చేసిన ఏళ్లు కలిపి ముప్పయ్యొక్కేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. పట్టిక ఒకటి మొదలుపెట్టాను.

ఇంకో వార్త. ఓలేటి నూకరత్నం ఈ నెల 26న సరంగు పరీక్షకి, అంటే పడవ నడిపే లైసెన్సుకి, కూర్చుంటోంది. ఊరిని లాగే మోటారు పడవ మీద పంతొమ్మిదేళ్లుగా ఆమె రెండో చెయ్యి. ఇప్పటి సరంగు జూన్‌లో దిగిపోతున్నారు. మొదటిసారి లైసెన్సు తీసుకునే వయసు నలభై ఎనిమిదికి ముగుస్తుంది. ఆమెకి ఏప్రిల్‌లో నలభై ఎనిమిది నిండుతాయి. ఇదే ఆఖరి అవకాశం. ఊళ్లో లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరూ లేకపోతే కాకినాడ రేవులోని సరంగుల మండలి బయటి మనిషిని పంపుతుంది. ఆయనకి పడవ వచ్చు గాని, మూడొందల పన్నెండు తెప్పల్లో ఏ తాడు ఏ గాలికి తెగుతుందో తెలియదు. అది నూకరత్నానికి తెలుసు.

చిట్టా 3. ఫిబ్రవరి 24

నిన్న ఆరో కక్కుడు. గంటన్నరా తిరిగి వచ్చేసింది. ఈ ఉదయం కాకినాడ దీపస్తంభం కనిపించింది.

వాతావరణ ఉత్తరం ఇప్పుడు ఏడున్నరకి వస్తోంది. బుల్లెయ్య గారు తపాలావాళ్లకి ఘాటుగా ఒక ఉత్తరం రాయించారు. వాళ్లు అంతే ఘాటుగా జవాబిచ్చారు. ఆ జవాబు కూడా గంటన్నర ఆలస్యంగానే వచ్చింది. దాన్ని సాక్ష్యంగా ఫైల్లో పెట్టమని బుల్లెయ్య గారు ఆదేశించారు.

చిట్టా 4. ఫిబ్రవరి 26

పరీక్ష జరిగింది. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

సరంగు పరీక్ష ప్రశ్నలు రేడియోలో చదువుతారు. తీరం పొడుగునా ఉన్న ముప్పై ఏడు తేలే ఊళ్లు ఒకేసారి వింటాయి. సరిగ్గా తొమ్మిదింటికి మండలి గొంతు వినిపించింది. ఆఫీసు తెప్ప మీద నూకరత్నం ఒక్కతే అభ్యర్థి. బడి టీచరు కాపలా. గోడ గడియారం తొమ్మిది, పెట్టె తెర మీద తొమ్మిది, రేడియో తొమ్మిది. ప్రశ్నలు చదవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. గడువు పదిన్నర దాకా. నూకరత్నం 10:20కి జవాబులు పెట్టెలో ఎక్కించి మీట నొక్కింది. పెట్టె దాని మీద సమయం ముద్ర వేసి మూసేసింది.

మన దగ్గర్నుంచి బయటికి వెళ్లే ఉత్తరాలన్నీ సాయంత్రం ఆరింటికి ఒకే మూటగా వెళ్తాయి, మాటిమాటికీ పంపితే బ్యాటరీ చాలదు. జవాబు పత్రమూ ఆ మూటలోనే వెళ్లింది.

ఎలా రాశావని అడిగాను.

"ఏడోది కొంచెం కంగారెట్టిందండి. సూర్యుణ్ణి చూసి ఎక్కడున్నావో చెప్పమన్నాడు. మిగతావన్నీ మన పడవ మీద రోజూ జరిగేయే."

చిట్టా 5. మార్చి 1

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: అభ్యర్థి జవాబు పత్రం ఉదయం 8:50కి పూర్తయినట్టు ముద్ర ఉంది, ప్రశ్నలు 9:00కి మాత్రమే చదవడమైనది, కనుక ప్రశ్నలు ముందుగా తెలిసినట్టు భావించి పత్రాన్ని రద్దు చేసి, అభ్యర్థిని శాశ్వతంగా అనర్హురాలిగా ప్రకటిస్తున్నాము. అప్పీలుకి మూడు రోజులు. దాని మీద తుది నిర్ణయం మార్చి 8 మధ్యాహ్నం పన్నెండు లోపు ఉత్తరంగా ఇస్తారు. ఇవ్వకపోతే మొదటి నిర్ణయమే ఖాయం. ఫలితాలు రేడియోలో చెప్పరు.

నూకరత్నం ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి జాకెట్టులో పెట్టుకుంది. తాళ్లు చూడ్డానికి పోవాలని చెప్పి వెళ్లిపోయింది. నిజంగానే తాళ్లు చూసింది. అన్నిటినీ చూసింది. సాయంత్రం దాకా రాలేదు.

ఊరు ఆమె పక్షమే. అయినా వేళాకోళం ఆగదు. చేపల తెప్ప దగ్గర ఒకడు ఆమెని ఆపాడు.

"నూకరత్నమక్కా, అడక్కముందే జవాబు చెబుతావంట కదా. రేపు నా వల్లో ఏం పడుద్దో చెప్పేసి పో."

"నీ వలకి మూడు చోట్ల చిల్లు. ఏం పడినా పోద్ది," అంది ఆగకుండానే.

అతను వల విప్పి చూసుకున్నాడు. చిల్లులు మూడే ఉన్నాయి.

చిట్టా 6. మార్చి 2

పొద్దుట నుంచీ పెట్టె ముందు కూర్చున్నాను. నూకరత్నం పక్కనే ఉంది. ముందు నాకు తెలిసినవి రాసుకున్నాను. ఒకటి, 10:20కి ఆమె మీట నొక్కడం నేను చూశాను, టీచరు చూసింది. రెండు, ఆ క్షణంలో గోడా తెరా రెండూ 10:20 చూపించాయి. మూడు, మండలికి అందిన ముద్ర 8:50. తేడా గంటన్నర. ఇది మండలి అబద్ధం కాకపోతే, పెట్టె తెర మీద ఒకటి చూపించి ముద్రలో ఇంకొకటి వేస్తోందన్నమాట.

అప్పుడు నా పట్టిక గుర్తొచ్చింది. పావుగంట, అరగంట, ముప్పావు, చివరికి గంటన్నర. ఉత్తరాల ఆలస్యం పెరిగిన రోజులన్నీ కక్కుడుకి మర్నాళ్లే.

పెట్టెలో గడియారం అమరికలు తెరిచాం. పై వరసలో గంట సరిగ్గానే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది. సమయ మండలం: బ్యాంకాక్. దాని కింద ఇంకోటి. సమయం ఆటోమేటిగ్గా సరిచేయి. దాని పక్క గడిలో టిక్ లేదు.

తూర్పు రేవులో మెకానిక్కు పెట్టెని అక్కడి లెక్కకి సరిగ్గానే బిగించాడు. ఇంటిదారి పట్టాక మనం మార్చాల్సింది మండలం. మార్చింది గంట. తెర మీద పదీ ఇరవై అని కనిపిస్తున్నా పెట్టె దృష్టిలో అది బ్యాంకాక్ పదీ ఇరవై. బ్యాంకాక్‌లో పదీ ఇరవై అయినప్పుడు కాకినాడలో ఎనిమిదీ యాభై. ముద్ర ఆ లెక్కన పడింది. ఉత్తరాల సంగతీ అంతే. సమయం ఇంకా కాని ఉత్తరాన్ని ఈ పెట్టె తెరవదు. పక్క పెట్టుకుని, దాని లెక్కన ఆ సమయం వచ్చాక ఇస్తుంది. తపాలావాళ్లు ఆరింటికి పంపింది పెట్టెకి గంటన్నర తర్వాతి ఉత్తరం.

నూకరత్నం కుర్చీలో వెనక్కి వాలింది.

"అయితే నేను దొంగని కాదు. ఊరంతా కలిసి గంటన్నర వెనక ఉన్నాం."

పాత పెట్టెకి ఈ బాధ లేదు. అది బయటి సమయం సంగతి పట్టించుకునేది కాదు, చెప్పిన గంట చెప్పినట్టు నమ్మేది. ఇరవై రెండేళ్లు చేత్తో తిప్పి సరిపెట్టారు. కొత్తదానికి సంగతులు తెలుసు. అందుకే మొదటి రోజు రెండుసార్లు ఎదురు తిరిగింది. నోరు మూయించాక ఊరుకుంది.

నోరు మూయించింది దొరబాబు గారు. ఈ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలన్నది ఇప్పుడు ప్రశ్న.

చిట్టా 7. మార్చి 3

నూకరత్నమే చెప్పింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

దొరబాబు గారు ముందు ఒప్పుకోలేదు. రేడియో తొమ్మిది కొడితే తన గడియారం తొమ్మిది చూపించిందా లేదా అని అడిగారు. చూపించిందని ఒప్పుకున్నాం. మరి తప్పెక్కడుందన్నారు. ఇరవై రెండేళ్లలో ఒక్క నిమిషం తేడా వచ్చిందని ఎవరైనా అన్నారా అని కూడా అడిగారు. ఎవరూ అనలేదు. అది నిజం.

"మీరు చెప్పిన గంట కరెక్టే బాబాయ్," అంది నూకరత్నం. "పెట్టె ఏ ఊళ్లో ఉన్నానని అనుకుంటుందో అది తప్పు. మనం తిప్పాల్సింది ఊరు. తిప్పింది గంట."

ఆయన నా వైపు తిరిగారు.

"ఇది పేపర్లో రాస్తారాండీ?"

అప్పీలులో రాయకపోతే ఆమె లైసెన్సు పోతుందని చెప్పాను. గడియారం తప్పని ఊరు ఒప్పుకోవాలి, ఎవరు ఎప్పుడు ఎంత తిప్పారో చూపించాలి. ఆ లెక్క ఉన్నది ఆయన నోటుబుక్కులో ఒక్కదాన్లోనే. ఇస్తే అందరూ చూస్తారు. తీరం మీద ఉన్నవాళ్లూ చూస్తారు.

ఆలోచించుకుంటానన్నారు. గుమ్మం దాకా వచ్చి మమ్మల్ని పంపించి, ఇంటి గోడ మీదున్న గడియారం వైపు చూశారు. తర్వాత తలుపు వేసుకున్నారు.

అప్పీలుకి రేపే ఆఖరు.

చిట్టా 8. మార్చి 4

ఉదయం ఏడింటికి దొరబాబు గారు ఆఫీసు తెప్ప మీదికి వచ్చారు. గడ్డం గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చంకలో నోటుబుక్కు ఉంది. ఎవరినీ ఏమీ అడక్కుండా బల్ల మీద పెట్టి ఒక పేజీ తెరిచారు. ఫిబ్రవరి 3 కింద ఆయన చేతిరాతలో ఇలా ఉంది:

"ఒకటో కక్కుడు. గోడవి 43, సరే. పెట్టె ఎదురు తిరిగింది. మళ్లీ తిప్పాను. మళ్లీ ఎదురు తిరిగింది. ఆటోమేటిక్ అన్న చోట టిక్ తీసేశాను. మాట విన్నది."

"సంతకం ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నారు.

నోటుబుక్కు బలమైన సాక్ష్యం. అయినా నా అనుమానం నాకుంది. మండలికి ఇది కూడా ఊరివాళ్లు ఊరివాళ్ల కోసం రాసుకున్న కాగితమే. మనుషుల చేతికి దొరకని సాక్ష్యం ఒకటి కావాలి. ఆ మాట పైకే అన్నాను. నూకరత్నం కిటికీలోంచి సోలారు పలకల వైపు చూసింది.

పలకల దగ్గర కంపెనీ సీలు వేసిన మీటరు ఉంది. కరెంటు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో అది రాసుకుంటుంది. సమయం మాత్రం పెట్టెని అడిగి తీసుకుంటుంది. సీలు తియ్యకుండా అందులో ఒక్క అంకె మార్చలేం. ఫిబ్రవరి 26 చూశాం. కరెంటు మొదలైంది ఉదయం 6:21. ఆగింది సాయంత్రం 6:03. రెండింటి నడుమ 12:12. ఆ క్షణంలో సూర్యుడు ఊరి నడినెత్తిన ఉన్నాడు. మీటరు దాని పక్కన రాసుకున్న సమయ మండలం బ్యాంకాక్.

నూకరత్నం కాగితం తీసుకుంది. పరీక్షలో ఏడో ప్రశ్న ఇదేనట. సూర్యుడు ఏ సమయానికి నడినెత్తికి వచ్చాడో తెలిస్తే మనం ఎక్కడున్నామో చెప్పొచ్చు. గంటకి పదిహేను డిగ్రీలు. గంటన్నరకి ఇరవై రెండున్నర. పెన్సిలుతో లెక్క వేసి, బల్ల మీదున్న పటంలో వేలు తూర్పుకి జరుపుకుంటూ పోయింది. సముద్రం దాటింది. బర్మా దాటింది. థాయిలాండ్ దాటింది. వేలు ఆగింది.

"బాబాయ్," అంది, "మీ పెట్టె లెక్కన పరీక్ష రోజు మన ఊరు లావోస్‌లో ఉంది. కొండల మీద. అక్కడి నుంచి సముద్రానికి రెండొందల కిలోమీటర్లు."

దొరబాబు గారు కళ్లజోడు పెట్టుకుని పటం చూశారు.

"నాలుగు వేల మందిమి ఎలా ఎక్కామే?" అన్నారు.

అప్పీలు మూడు పేజీలు. మొదటి పేజీ నా పట్టిక. రెండోది నోటుబుక్కు నకలు, దొరబాబు గారి సంతకంతో. మూడోది మీటరు అంకెలు, నూకరత్నం లెక్క. కింద ఒక్క వాక్యం చేర్చాను: ఆ ఉదయం తేలంక కాకినాడ రేవుకి నాలుగు మైళ్ల దూరంలో ఉన్నట్టు మీ రేవు రాడారు రిజిస్టరులోనే చూసుకోవచ్చు. సాయంత్రం ఆరింటి మూటలో పంపాం.

చిట్టా 9. మార్చి 6

అప్పీలు అందిందని మండలి రాసింది. గడువు ముగిసేదాకా పెట్టె గడియారాన్ని ఎవరూ ముట్టుకోకూడదని షరతు పెట్టింది. అవసరమైతే వాళ్ల మనిషి వచ్చి చూస్తాడట.

తప్పని తెలిసిన గడియారంతో బతకడం ఊరికి కొత్త. నాచు ఆడవాళ్లు ఏడున్నర ఉత్తరం కోసం చూడ్డం మానేసి ఆరింటికి ఆకాశం చూసుకుంటున్నారు. వాళ్ల అంచనా రెండు రోజులూ సరిపోయింది. చేపల తెప్ప మీద పొద్దున్నే పలకరింపు మారిపోయింది. బావున్నారా అని అడగడం లేదు, లావోస్‌లో ఎండ ఎలా ఉందని అడుగుతున్నారు. బుల్లెయ్య గారు తపాలావాళ్లకి క్షమాపణ రాయించారు. ఘాటుగా రాసిన ఉత్తరం కంటే అది పొడుగ్గా ఉంది.

నూకరత్నం పడవ మోటారు విప్పి శుభ్రం చేసింది. గత వారమే చేసింది కదా అన్నాను. అవునంది.

చిట్టా 10. మార్చి 8

పదకొండింటికే ఆఫీసు తెప్ప నిండిపోయింది. అటూ ఇటూ తెప్పల మీద కూడా నిలబడ్డారు. బరువుకి తెప్ప ఒక పక్కకి ఒరిగితే నూకరత్నమే పదిమందిని రెండో వైపుకి పంపించింది.

పదకొండున్నర. పెట్టెలో ఏమీ లేదు. పన్నెండుకి అయిదు నిమిషాలు. ఏమీ లేదు. బుల్లెయ్య గారు ధైర్యం చెప్పడానికి లేచి, గోడ గడియారం చూసి కూర్చున్నారు. గోడ గడియారం పన్నెండు చూపించింది. దొరబాబు గారు గంట కొట్టాలి. తాడు పట్టుకుని నూకరత్నం వైపు చూశారు.

"కొట్టండి బాబాయ్. పన్నెండైతే పన్నెండే."

కొట్టారు. ఎవరూ కదల్లేదు. నూకరత్నం పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయి. తొమ్మిది నిమిషాలు అలాగే గడిచాయి. తర్వాత ఆమే మాట్లాడింది.

"గడువైపోయింది కదా. ఆ పెట్టెని ఇకనైనా సరిచెయ్యండి. నా పరీక్ష పోయిందని ఊరు లావోస్‌లో ఉండక్కర్లేదు."

దొరబాబు గారు కుర్చీలో కూర్చున్నారు. చెయ్యాల్సిన వరస కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నారు. ముందు ఊరు. జాబితా తెరిచి కిందికి జరుపుకుంటూ పోయి ఆగారు.

"కాకినాడ లేదేంటండీ?"

మనకి కోల్‌కతా పేరే వాడతారని చెప్పాను. అయిష్టంగానే దాన్ని ఎంచుకున్నారు. తెర మీద 12:12 ఉన్నది చటుక్కున 10:42 అయింది. వెనక నుంచి ఎవరో పొద్దుటి ఇడ్లీలు మళ్లీ పెట్టిస్తారా అని అడిగారు. తర్వాత రెండో పని. ఫిబ్రవరి 3న తానే తీసేసిన టిక్‌ని దొరబాబు గారు తానే పెట్టారు. ఒక సెకను ఏమీ కాలేదు. 10:42 కాస్తా మళ్లీ 12:12 అయింది.

"అంటే ఇంత చేసీ ఏమీ మారలేదన్నమాట," అన్నారు ఆయన.

అప్పుడు పెట్టె మోగింది. ఒకటి కాదు, పదిహేడు మోతలు. గంటన్నరగా పక్కన దాచిపెట్టుకున్న ఉత్తరాలన్నీ పెట్టె ఒక్కసారిగా తెర మీద పడేసింది. ఆరోది సరంగుల మండలిది. పంపిన సమయం 11:05.

ఉత్తరాలు గంటన్నర ఆలస్యంగా వస్తాయని మూడు వారాలకి పైగా పట్టిక రాస్తున్నది నేను. ఆ పట్టికని అప్పీలులో మొదటి పేజీగా పెట్టిందీ నేనే. పన్నెండు దాటాక ఆశ వదులుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది కూడా వాస్తవమే కాబట్టి నమోదు చేస్తున్నాను.

ఉత్తరం నన్నే చదవమన్నారు.

"ఫిబ్రవరి 26న తేలంక లావోస్ కొండల్లో ఉన్నట్టు మీ పెట్టె చెబుతోంది. మీటరు లెక్క మేమూ వేసి చూశాం, సరిపోయింది. అదే రోజు ఉదయం మీ ఊరు మా ఆఫీసు కిటికీలోంచి కనిపించింది. కిటికీనే నమ్ముతున్నాం. అనర్హత రద్దు. జవాబు పత్రం దిద్దాం. నూటికి ఎనభై ఏడు. ఓలేటి నూకరత్నం సరంగుగా ఉత్తీర్ణురాలు. ఏడో ప్రశ్నలో రేఖాంశం లెక్క దగ్గర ఒక కూడిక తప్పింది. అప్పీలులో అదే లెక్క సరిగ్గా చేశారు. అయినా ఆ మార్కులు ఇప్పుడు కలపడం కుదరదు. ప్రధాన పరీక్షకురాలు."

తెప్ప మీద అరుపులు నేను కొలవలేదు. నూకరత్నం ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని స్వయంగా చదువుకుంది. చివరిదాకా చదివి తలెత్తింది.

"ఏడోదేనా? కూడికా?" అంది. తర్వాత కూర్చుని ఏడ్చింది. దొరబాబు గారు ఆమె పక్కన నిలబడి తల మీద చెయ్యి వేశారు.

"ఊరుకోవే. కూడికలు నేర్చుకోవచ్చు. నేను డెబ్బై ఒకటిలో ఊళ్లు మార్చడం నేర్చుకోలేదా," అన్నారు.

చిట్టా 11. సెప్టెంబరు 27

తూర్పు ప్రయాణం మొదలైంది. సరంగు ఓలేటి నూకరత్నం. తాళ్లన్నీ బాగున్నాయి.

పెట్టె విషయంలో జులైలో ఊరు ఓ తీర్మానం చేసింది. గోడ గడియారాలు మునుపటిలాగే దొరబాబు గారి చేతిలో, పావుగంట లెక్కన. పెట్టెలో గంట ఎవరూ ముట్టుకోరు. ఆరో మింగుడు నాడు దొరబాబు గారు అందులో ఊరు పేరు మాత్రం మారుస్తారు. అప్పటిదాకా గోడకీ పెట్టెకీ తేడా ఎంతో ఆయన పలక మీద రాసి ఆఫీసు గుమ్మానికి తగిలిస్తారు. నోటుబుక్కులో దానికి కొత్త వరస గీసుకున్నారు. ఆ వరస పేరు "ఏ ఊళ్లో ఉన్నాం".

మొదటి మింగుడు ఏ పావుగంటలో పెట్టాలన్నది నిన్న ఓటుకి వచ్చింది. బయల్దేరే రోజు సాయంత్రం నాలుగింటి నుంచి కొత్త సరంగు తొలి ప్రసంగం ఉందని బుల్లెయ్య గారు గుర్తుచేశారు. గుర్తుచేసేటప్పుడు ఆయన ముఖం గంభీరంగా ఉంది. చేతులు ఎత్తమన్నారు. నేను లెక్కపెట్టినంతలో ఎత్తనిది నూకరత్నం ఒక్కతే. తర్వాత ఆమే నవ్వి రెండు చేతులూ ఎత్తింది.

ఈ సాయంత్రం సరంగు పడవ ముందు భాగంలోకి వచ్చి నిలబడి, మడిచిన కాగితం విప్పి, గొంతు సవరించుకుంది. దొరబాబు గారు గంట కొట్టారు. నలభై మూడు గడియారాలు ముందుకి జరిగాయి. ఆమె కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని మోటారు దగ్గరికి వెళ్లింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

సరంగు తొలి ప్రసంగం. మొదలు 4:00. ముగింపు 4:15. పట్టిన సమయం సున్నా.